మూడు రోజుల చవి

అనగనగా ఒక కొండ అడవిలో నలభై కొండముచ్చుల గుంపు ఒకటి ఉండేది. నల్ల మొహాలు, బూడిదరంగు ఒళ్ళు, ఒంటికంటే పొడుగు తోకలు. ఆ గుంపుకి పెద్ద నూకాలు. దాని మాటంటే మాటే. ఎటు పోదామంటే అటు పోవాలి. ఏ చెట్టు ఎక్కమంటే ఆ చెట్టే ఎక్కాలి.

ఆ గుంపులో ఒక ఆచారం ఉండేది. ఆకైనా కాయైనా పిల్లల నోటికి అందించే ముందు, దాన్ని మొట్టమొదట చవి చూసిందెవరో తల్లులు చెప్పేవి.

"ఇది బోడమ్మ తీగ. మీ అవ్వకి అవ్వ బోడమ్మ దీన్ని చవి చూసింది. అది గవరయ్య కాయ. గవరయ్య దాన్ని పచ్చిగా చవి చూసి, నాలుగు రోజులు కడుపునొప్పితో పొర్లి, పండాకే తినండని చెప్పాడు."

వింటున్నారా పిల్లలూ? ఏ చెట్టూ తనంతట తాను వచ్చి నన్ను తినండి అని చెప్పదు. మీరు ఇవాళ కళ్ళు మూసుకుని నోట్లో వేసుకునే ప్రతిదాన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరు భయపడుతూ నాలుక మీద పెట్టుకున్నారు. ఆ సంగతి మరిచిపోయిన వాళ్ళకి ఏమయిందో చెప్పేదే ఈ కథ.

ఆ భయపడుతూ చేసే పనికి ఆ గుంపులో చవి పని అని పేరు. ఆ కాలంలో చవి పని చేసేది నూకాలు అక్క అచ్చియ్యమ్మ. పిల్లలు లేరు దానికి. ముక్కు మాత్రం గొప్పది. వాన ఏ కొండ మీద పడుతోందో వాసనతో చెప్పేది.

చవి పనికి మూడు రోజులు పట్టేది. మొదటి రోజు తొక్క. పెదవికి రాసుకుని ఊరుకోవాలి. పెదవి మండకపోతే రెండో రోజు గుజ్జు. చీమ తలంత కొరికి మింగాలి. కడుపులో తిప్పకపోతే మూడో రోజు గింజ. పగలగొట్టి నాలుక కొసతో తాకాలి, అంతే. ఆ మూడు రోజులూ మిగతా గుంపు ఎడంగా కూర్చుని చూడాలి. ఒక్కటి కూడా చెయ్యి చాపకూడదు. వీటన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉంది. చవి చూసేవాళ్ళు ముందుగా తెలిసిన తిండితో కడుపు నింపుకుని రావాలి.

"అదెందుకు పెద్దమ్మా?" అని అడిగాడు అప్పలకొండ. వాడు నూకాలు కొడుకు. పెద్దమ్మ దగ్గర చవి పని నేర్చుకుంటున్నాడు.

"ఆకలేసిన నాలుక అబద్ధం చెబుతుందిరా. చేదుని పట్టుకుని తీపంటుంది."

"సరే, మూడు రోజులెందుకు? నాకు ఒక్క పూట చాలు."

"నీకు చాలురా. నీ పేగులకి చాలొద్దూ?"

వాడు నవ్వాడు. చురుకైన పిల్లాడు. వాసన పట్టడం వచ్చింది. ఆకు ఈనెలు చూసి పోల్చడం వచ్చింది. ఆగడం ఒక్కటే ఇంకా రాలేదు.

ఒక పొద్దున అచ్చియ్యమ్మ వాడి చేతికి నల్ల పళ్ళ గుత్తి ఒకటిచ్చింది. "ఇవాళ తొక్క ఒక్కటే. పెదవికి రాసుకుని కూర్చో. నేను అవతలి వాలుకి పోయి వస్తా" అంది.

అది అటు వెళ్ళగానే వాడి ఈడు పిల్లలు రెండు కొమ్మ మీదికి దిగాయి.

"ఏరా, పెదవులకి రంగేసుకుంటున్నావు? పెళ్ళికూతురివా?" అంది ఒకటి.

"పాపం, మూడు రోజులకి గాని ముస్తాబు అవదటరా" అంది రెండోది.

అప్పలకొండకి రోషం పొడుచుకొచ్చింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు కూడా. గుత్తి మొత్తం నోట్లో కుక్కుకుని, "చూడండి పెళ్ళికూతుర్ని!" అని బుగ్గలు పొంగించాడు.

మిట్టమధ్యాహ్నానికి వాడు కొమ్మ మీదినుంచి రాలిపోయాడు.

నూకాలు కొడుకుని వదల్లేదు. చల్లబడ్డ ఒంటిని చంకన వేసుకుని మూడు రోజులు తిరిగింది. ఈగలు తోలింది. బొచ్చు దువ్వింది. నాలుగో రోజు అచ్చియ్యమ్మే మెల్లిగా చేతులు విడిపించి, ఆ ఒంటిని ఆకుల కింద పెట్టింది. అప్పుడు నూకాలు లేచి నిలబడి గుంపు మొత్తాన్ని పిలిచింది.

"ఇవాళ్టినుంచి ఈ గుంపులో చవి పని లేదు. తెలిసినవి తింటాం. తెలియనివి తినం. అంతే."

అచ్చియ్యమ్మ ముందుకు వచ్చింది. "నూకాలూ, వాడు చవి పని చేసి చావలేదే. చెయ్యక చచ్చాడు. తప్పు నాది. ఆగడం చేతకాని పిల్లాణ్ణి ఒంటరిగా వదిలేసి పోయాను. నన్ను తిట్టు. కొట్టు. కొండ దింపేయ్. పనిని మాత్రం ఆపకు. ఈ ఏడాది చెట్లు కాశాయి సరే. ఎల్లకాలం కాస్తాయా?"

"కన్నదానివైతే ఈ మాట అనేదానివి కాదు" అంది నూకాలు.

అచ్చియ్యమ్మ వెనక్కి తిరిగింది. కొండ దిగువకి పోయి, ఒక బండ మీద ఒంటరిగా ఉండిపోయింది.

నూకాలుని రాక్షసి అనుకోకండి. కడుపుకోత ఎలాంటిదో పడ్డవాళ్ళకే తెలుసు. ఆ రోజు దాని నోట వేరే మాట రాదు. కానీ ఏడుస్తూ పెట్టిన కట్టుబాటుని కళ్ళు ఆరాకైనా ఒకసారి తిరిగి చూసుకోవాలా వద్దా? నూకాలు చూసుకోలేదు. అక్కడే దాని తప్పు మొదలైంది.

ఎందుకు చూసుకుంటుంది? కట్టుబాటు పనిచేసింది కదా! ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. విషం తిని ఒక్క పిల్ల కూడా చావలేదు. తల్లులన్నీ నూకాలుకి పేలు చూస్తూ, "నీ చలవ తల్లీ, మా పిల్లలు బతికిపోయారు" అనేవి. గుంపు యాభై దాటింది.

కట్టుబాటు కూడా పెరిగింది. మొదట తెలియనిది తినొద్దు అన్నారు. తరవాత ముట్టుకోవద్దు అన్నారు. ఆ తరవాత అడగొద్దు అన్నారు. "ఇదేంటమ్మా?" అని కొత్త మొక్క వైపు వేలు చూపిస్తే చాలు, చెంప పగిలేది. బోడమ్మ పేరు, గవరయ్య పేరు చెప్పడం మానేశాయి. చెబితే పిల్లలకి చవి పని గుర్తొస్తుందట!

కొడుకు పోయిన మరుసటి ఏడాది నూకాలుకి ఒక ఆడపిల్ల పుట్టింది. పైడమ్మ అని పేరు పెట్టుకుంది. పైడమ్మంత మాట వినే పిల్ల ఆ కొండలోనే లేదు. దారిలో తెలియని పువ్వు రాలి ఉంటే తోక పైకెత్తుకుని దూరంగా చుట్టూ తిరిగి పోయేది. పోతూ తల్లి చూసిందా లేదా అని వెనక్కి చూసేది. నూకాలు గుండె పొంగిపోయేది. "నా బంగారం" అని ఒళ్ళోకి లాక్కునేది.

అచ్చియ్యమ్మ మూడుసార్లు కొండెక్కి వచ్చింది.

మొదటిసారి, "ఒక్క పిల్లనివ్వండి, నేర్పి పంపుతాను" అంది. ఏ తల్లీ ఇవ్వలేదు.

రెండోసారి, "ఏటి అవతల పచ్చకాయల చెట్టొకటి ఎదుగుతోంది. నేనే చవి చూస్తాను. మీరేమీ చెయ్యొద్దు. పిల్లల్ని కూర్చోబెట్టి చూపించండి, చాలు" అంది. నూకాలు మొహం తిప్పుకుంది.

మూడోసారి అది నోరు విప్పకముందే సన్నాసి అనే పడుచు కొండముచ్చు ఎండుకొమ్మ విసిరాడు. "ముసలిదానికి చావంటే మోజు. నువ్వు చావు, మమ్మల్ని చంపకు" అన్నాడు. అందరూ నవ్వారు. నూకాలు నవ్వలేదు. ఆపనూ లేదు.

అచ్చియ్యమ్మ మళ్ళీ రాలేదు. చవి పనిని కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. నూకాలు తప్ప మిగిలిన వాళ్ళంతా అప్పటికి పుట్టనివాళ్ళో పసివాళ్ళో. ఎవరికీ మూడు రోజుల సంగతి తెలియదు.

కట్టుబాటు పెట్టిన ఆరో ఏడు వాన పడలేదు. ఏడో ఏడూ పడలేదు. ఎండలకి ఎండిన అడవికి అగ్గి అంటుకుంది. నేరేళ్ళు పోయాయి, మేడి పోయింది, బోడమ్మ తీగ ఉన్న గుట్ట మొత్తం బూడిదైంది. తెలిసిన చెట్లన్నీ కట్టెల్లా నిలబడ్డాయి. కొండముచ్చులు మద్దిచెట్ల బెరడు చీకాయి. చంటిపిల్లలు ముందు పోయాయి, ముసలివి తరవాత పోయాయి. చివరికి ముప్పై మూడు మిగిలాయి.

పైడమ్మ బొచ్చు రాలిపోయింది. తుంటి ఎముకలు పైకి తేలాయి. అయినా ఆకలి అని ఒక్కసారి కూడా అనలేదు. తల్లి మొహం చూసి ఊరుకునేది.

ఏటి అవతల పచ్చకాయల చెట్టు ఒక్కటే నిండుగా ఉంది. దాని వేళ్ళు ఏటి అడుగున తడిని పట్టుకున్నాయి. కాయలు పసుపుగా మాగి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. అవి తిండో విషమో చెప్పేవాళ్ళు ఆ గుంపులో లేరు.

ఆ రోజు నూకాలు కొండ దిగి బండ దగ్గరికి వెళ్ళింది.

"అక్కా."

అచ్చియ్యమ్మకి చూపు సగం పోయింది. "ఎవరే? నూకాలా? ఇంత చిన్న కొండ దిగడానికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు?"

"పైడమ్మ చచ్చిపోతోందక్కా. ఆ కాయ చవి చూసిపెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళెందుకు, ముక్కు కావాలి. అది పోయింది. ఇప్పుడు నా నాలుకకి వేపాకూ చింతాకూ ఒకటే. నేను చూసి ఏం చెబుతానే?"

"అయితే నాకు నేర్పు. నేను చూస్తాను."

అచ్చియ్యమ్మ బండ మీద పక్కన చోటిచ్చింది. తరవాత మూడు రోజుల పద్ధతి మొత్తం చెప్పింది. తొక్క, గుజ్జు, గింజ. ముందుగా కడుపు నింపుకోవాలన్న నియమానికి మాత్రం ఇప్పుడు దారి లేదు. నూకాలు చేత రెండుసార్లు తిరిగి చెప్పించుకుంది. ఆఖరున అంది, "నువ్వు ఆగుతావు. ఆ ముప్పై రెండూ ఆగుతాయా? ఆగడమంటే ఏంటో వాళ్ళు ఎన్నడూ చూడలేదు. కడుపు నిండిన రోజుల్లో నేర్పాల్సింది, ఆకలి రోజున ఎలా నేర్పుతావు?"

"నా మాటంటే మాటే అక్కా" అంది నూకాలు.

"నీ మాట 'వద్దు'. అదొక్కటే వాళ్ళకి తెలుసు" అంది అచ్చియ్యమ్మ.

నూకాలు ఎండిన ఏరు దాటింది. గుంపు ఇవతలి గట్టు మీద కూర్చుంది. పైడమ్మ అందరికంటే వెనకగా, ఒక రాయికి ఆనుకుని కూర్చుంది.

మొదటి రోజు నూకాలు తొక్క పెదవికి రాసుకుంది. మండలేదు. గుంపు కళ్ళు ఆర్పకుండా చూసింది.

రెండో రోజు చీమ తలంత గుజ్జు కొరికి మింగింది. తియ్యగా ఉంది. ఒళ్ళంతా ఇంకా కావాలి, ఇంకా కావాలి అని అరిచింది. పళ్ళు బిగబట్టి కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. కడుపులో తిప్పలేదు.

ఎదుటి గట్టు మీద సన్నాసి లేచి నిలబడ్డాడు. "మింగింది! మింగి బతికే ఉంది!" అని అరిచాడు.

అంతే. గుంపు ఏట్లోకి దూకింది.

"వద్దు! గింజ చూడలేదు! రేపటిదాకా వద్దు!" నూకాలు గొంతు చించుకుంది.

ఏళ్ళ తరబడి ఆ మాటకి తలవంచిన గుంపే అది. కానీ ఈసారి నూకాలు తను తిని, మిగతా వాళ్ళని వద్దంటోంది. "కూతురికి దాస్తోంది!" అంది ఒక తల్లి. "మొత్తం చెట్టు దానికే కావాలట!" అంది ఇంకొకటి. నూకాలు అడ్డం పడింది. దాన్ని తోసి, తొక్కి, చెట్టెక్కాయి. ఆ గుంపు పుట్టి బుద్ధెరిగి ఏ కాయనీ గింజ ఉమ్మి తినలేదు. తెలిసిన కాయల గింజలన్నీ మంచివే మరి! కరకరా నమిలి మింగాయి.

పొద్దు వాలేసరికి ఇరవై ఒక్క కొండముచ్చులు ఆ చెట్టు కింద పడి ఉన్నాయి. చెట్టెక్కే సత్తువ లేక వెనకబడ్డ పదింటికి ఏమీ కాలేదు. సన్నాసి రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకునే పోయాడు.

నూకాలు శవాల మధ్య వెతికింది. ఒక్కొక్క మొహం తిప్పి చూసింది. పైడమ్మ లేదు. తలెత్తి చూస్తే ఎదుటి గట్టు మీద, ఆ రాయి దగ్గరే కూర్చుని ఉంది. కదల్లేదు. నూకాలు అక్కడే కూలబడి, నేలని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. కూతురు బతికే ఉందని ఏడ్చింది.

మూడో రోజు తెల్లవారగానే నూకాలు ఒక గింజ పగలగొట్టి నాలుక కొసతో తాకింది. కటిక చేదు. నాలుక మొద్దుబారిపోయింది. వెంటనే ఉమ్మేసింది. తెలిసిపోయింది. గుజ్జు తిండి. గింజ విషం. ఇరవై ఒక్క ప్రాణాలు ఒక్క రాత్రి ఆగి ఉంటే బతికేవి.

మిగిలిన పదకొండింటినీ పిలిచింది. "గుజ్జు మంచిది. గింజ ఉమ్మేయండి. నేను చూశాను. రండి, తినండి."

అవి వెనక్కి వెనక్కి జరిగాయి. "అంతమందిని మింగిన చెట్టు తినమంటావా?" అంది ఒకటి. నూకాలు వాళ్ళ ఎదుటే కాయ వొలిచింది. గుజ్జు మింగింది, గింజ ఉమ్మింది. మళ్ళీ వొలిచింది. నాలుగు దగ్గరికి వచ్చి, గింజ ఉమ్మి తిన్నాయి. ఆరు మాత్రం ఆ చెట్టు గాలి కూడా సోకకూడదని కాలిన గుట్టలు ఎక్కి పోయాయి. వాటిని మళ్ళీ ఎవరూ చూడలేదు.

పదకొండోది పైడమ్మ. దాన్ని తల్లి ఎత్తుకుని ఏరు దాటించి, చెట్టు కింద కూర్చోబెట్టింది.

నూకాలు గుజ్జు తీసి, గింజ లేకుండా చేసి, కూతురి పెదవుల దగ్గర పెట్టింది. "తినమ్మా."

పైడమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. తెలియనిది తినకూడదు."

"ఇప్పుడు తెలిసింది బంగారం. నేను తెలుసుకున్నాను. చూడు, నేను తింటున్నా. చూడు."

"నేనెప్పుడూ ముట్టుకోలేదమ్మా." పైడమ్మ గొంతు పీలగా ఉంది. కళ్ళు మాత్రం తల్లి మెచ్చుకుంటుందేమో అన్నట్టు ఎదురు చూస్తున్నాయి. "నిన్న అందరూ దూకారు. నేను దూకలేదు. చూశావా?"

"చూశాను తల్లీ. చూశాను. ఇప్పుడు తిను."

పైడమ్మ నోరు తెరవడానికి ప్రయత్నించింది. తల్లి అడిగింది కదా మరి! గుజ్జు నాలుకకి తగలగానే ఒళ్ళంతా బిగుసుకుపోయింది. కక్కేసింది. నూకాలు మళ్ళీ పెట్టింది. మళ్ళీ కక్కింది. మూడోసారి దవడ పట్టుకుని బలవంతాన కుక్కింది. పైడమ్మ ఊపిరాడక గిలగిల్లాడింది.

అచ్చియ్యమ్మ తడుముకుంటూ ఏటి దాకా వచ్చి నిలబడింది. "వదిలెయ్యవే. అది మొండితనం కాదు. దాని గొంతుని నువ్వే కట్టావు. ఒక్క రోజులో విప్పలేవు" అంది.

"విప్పుతాను" అంది నూకాలు. ఆ రోజంతా విప్పుతూనే ఉంది. కథలు చెప్పింది, బతిమాలింది, తిట్టింది. కాయ రసం వేలికి రాసి చీకించింది. పక్కన నాలుగు కొండముచ్చులు కడుపు నిండా తిని, చాలా రోజుల తరవాత హాయిగా నిద్రపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ తల్లి ఒళ్ళో చచ్చిపోయింది. తలకి జానెడు పైన పళ్ళ గుత్తి వేలాడుతోంది.

ఆ ఏడు చివర్న వాన పడింది. అచ్చియ్యమ్మ ఆ వాన చూశాకే కన్నుమూసింది. కాలిన మోళ్ళు చిగిర్చాయి. మిగిలిన నాలుగింటికీ పిల్లలు పుట్టాయి. నేరేళ్ళు మళ్ళీ కాశాయి. తిండికి కొదవ లేదు.

అలాంటి ఒక పొద్దున నూకాలు ఆ పిల్లలకి కడుపు పట్టనంత నేరేళ్ళు తినిపించి, వాటిని ఎవరికీ పేరు తెలియని ఒక తీగ దగ్గరికి తీసుకుపోయింది. తల్లులు బెదిరిపోతూ వెనకే వచ్చాయి. ఒక పిల్ల నూకాలు తోక పట్టుకుని వెనక దాక్కుంది.

"అవ్వా, నాకు భయమేస్తోంది."

నూకాలుకీ భయంగానే ఉంది. ఆ పిల్లని ఎత్తుకుని పారిపోవాలని ఉంది. పారిపోలేదు. పిల్లని ముందుకు తెచ్చి, తీగకి మూరెడు ఎడంగా కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"భయం వెయ్యాల్సిందే. భయం పోగొట్టుకోకు. భయపడుతూనే వాసన చూడు" అంది.

నీతి: పిల్లలకి భయం నేర్పితే సగమే నేర్పినట్టు. ఆ భయాన్ని వెంటబెట్టుకుని తెలియనిదాని దగ్గరికి ఓర్పుగా ఎలా వెళ్ళాలో కూడా నేర్పాలి. అది కడుపు నిండిన రోజుల్లోనే నేర్పాలి.